రిలీజ్ రాత్రి అంటే టీమ్ మొత్తం వణుకుతోంది, అప్రూవల్స్ పెంచితే తగ్గుద్దా?

మాధాపూర్_మెట్రో
మాది బండి ఇన్సూరెన్స్ ప్రీమియం లెక్కగట్టే ప్రొడక్ట్, జావాలో రాసింది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఆరు వారాలకోసారి రిలీజ్. ఆ ఆరు వారాల్లో మెర్జ్ అయిన పీఆర్‌లన్నీ (రివ్యూ కోసం పెట్టిన కోడ్ మార్పులు) ఒక రిలీజ్ బ్రాంచ్‌లో (కోడ్‌కి విడి కాపీ) పోగేసి శుక్రవారం రాత్రి పదింటికి మొదలెడతాం. పోయిన రిలీజ్‌లో రెన్యువల్ కస్టమర్లకి జీఎస్టీ రెండుసార్లు పడింది. ఒకతను పన్ను లెక్కని కొత్త సర్వీస్‌లోకి మార్చాడు, ఏ కోట్ అయినా బయటికెళ్లే ముందు అందులోంచే వెళ్లాలి. పాత ఫంక్షన్‌ని ఇంకెవరైనా వాడుతున్నారేమోనని తీసేయకుండా వదిలేశాడు. ఇంకో అమ్మాయి తన బ్రాంచ్ చాలా ముందే తీసుకుంది, రెన్యువల్ స్క్రీన్‌కి ఆ పాత ఫంక్షనే పిలిచింది. విడివిడిగా చూస్తే ఇద్దరిదీ కరెక్టే, రెండు పీఆర్‌లూ గ్రీన్, టెస్టులన్నీ పాస్. కలిశాక పన్ను మీద పన్ను.

కాల్ సెంటర్‌కి ఫోన్లు వస్తే తప్ప మాకు తెలీలేదు. అరవై పైన పీఆర్‌లున్నాయి, అందులో ఏది కారణమో తెలీదు. రోల్‌బ్యాక్ చేద్దామంటే, అంటే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామంటే, అదే రిలీజ్‌లో డేటాబేస్‌లోంచి ఒక కాలమ్ డ్రాప్ చేసేశారు (తీసేశారు), పాత కోడ్‌కి ఆ కాలమ్ కావాలి. తెల్లారేదాకా బ్రిడ్జ్ కాల్‌లోనే ఉన్నాం.

ఇప్పుడు మేనేజర్ అంటున్నది ఏంటంటే ప్రతి మార్పుకీ మూడు స్థాయిల అప్రూవల్, కవరేజ్ (టెస్టులు నడిపే కోడ్ లైన్ల శాతం) 80% లేకపోతే పైప్‌లైన్ (కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్, టెస్ట్ చేసి పంపే దారి) ఆగిపోవాలి, ప్రతి డెవలపర్ సైన్‌ఆఫ్ షీట్ నింపాలి. వీటివల్ల నిజంగా బాగుపడిన టీమ్ ఎవరిదన్నా ఉందా? మా వాళ్లలో ఇద్దరు ఇప్పటికే వేరే ఉద్యోగం చూసుకుంటున్నారు, అందుకే అడుగుతున్నా.

రాత్రిషిఫ్టు
ముందు ఆ శుక్రవారం మానేయండి. శనివారం ఫోన్ ఎత్తేవాళ్లుండరు, క్లయింట్ వైపు కూడా ఉండరు.

ఓరుగల్లు_కోడర్
శుక్రవారం మీద ఎందుకు పడుతున్నరు. సోమవారం పొద్దున చేసినా అరవై పీఆర్‌లు ఒక్కసారి పోతే గిదే లొల్లి అయితది. పోస్ట్ మళ్ల చదువుండ్రి, వాళ్లను రాత్రంత కూసోబెట్టింది బగ్ కాదు, అరవైల ఏదో తెల్వకపోవుడు. ఒక్కటే పోయి ఉంటె పది నిమిషాల్ల దొరికేది. మా దగ్గర రోజు పోతయి, ఏదన్న పలిగిందంటే ఆఖరికి పోయింది ఏందో అందరికి తెలుసు, అది వెనక్కి తీస్తరు, తర్వాత నిమ్మళంగ కూసొని చూస్తరు.

రాత్రిషిఫ్టు
మీది రోజూ వెళ్తుంది కాబట్టి శుక్రవారం అయినా పర్లేదు. వాళ్లది అలా లేదుగా ఇంకా. అది అయ్యేదాకా అయినా మంగళవారానికి మార్చుకుంటే మనుషులు నిద్రపోతారు.

ఓరుగల్లు_కోడర్
అది ఒప్పుకుంట.

టెస్టర్_అక్క
కవరేజ్ 80% గురించి నేను చెప్తా, ఎందుకంటే ఈ గేట్ పెట్టిన రెండు చోట్ల పనిచేశా. గేట్ పెట్టిన వారం నుంచి అంకె పెరుగుద్ది, బగ్గులు అలాగే ఉంటాయి. గడువు దగ్గరపడ్డ డెవలపర్‌కి 80 దాటాలంటే తేలికైన దారి ఒకటుంది, ఫంక్షన్‌ని పిలవడం, వచ్చిన ఫలితం నల్ (ఖాళీ) కాదని ఒక్క అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే లైను) రాయడం, వదిలేయడం. ఆ లైన్లన్నీ నడిచాయి కాబట్టి రిపోర్టులో పచ్చగా కనిపిస్తాయి.

మీ కేసే తీసుకోండి. ప్రీమియం 10,000 అనుకుందాం, 18% పన్నుతో 11,800 రావాలి. రెండుసార్లు పడితే 13,924. టెస్టులో 'నల్ కాదు' అని మాత్రమే ఉంటే 13,924 కూడా పాసే. 11,800 అని అంకె రాసుంటే అక్కడే ఎర్రగా పడేది. అదీ రెన్యువల్ దారి మొదట్నుంచి చివరిదాకా నడిపే టెస్టు అయుండాలి. ఒక్కో ఫంక్షన్‌ని విడిగా చూసే యూనిట్ టెస్టుకి ఇది ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే విడిగా రెండూ కరెక్టే అని మీరే అన్నారు.

మీది జావా కాబట్టి పిట్ అనే మ్యుటేషన్ టెస్టింగ్ టూల్ ఉంది. అది మీ కోడ్‌లో కావాలని చిన్న చిన్న తప్పులు పెడుతుంది, ప్లస్‌ని మైనస్ చేస్తుంది, కండిషన్ తిప్పేస్తుంది, తర్వాత టెస్టులు నడుపుతుంది. తప్పు పెట్టినా టెస్టులు పాసయ్యాయంటే ఆ టెస్టులు ఏమీ చూడట్లేదని అర్థం. మొత్తం ప్రాజెక్ట్ మీద నడిపితే గంటలు పడుద్ది, డబ్బు లెక్కలుండే ప్యాకేజీ ఒక్కదాని మీద నడపండి చాలు.

మాధాపూర్_మెట్రో
అక్కా ఇప్పుడే మా రెన్యువల్ టెస్ట్ తీసి చూశా. నల్ కాదు, సున్నా కన్నా ఎక్కువ. ఈ రెండే ఉన్నాయి. ఆ క్లాస్ కవరేజ్ 91%.

టెస్టర్_అక్క
మీ మేనేజర్‌కి ఆ 91 చూపించండి, పక్కనే ఆ రెండు అసర్ట్‌లూ చూపించండి. వేరే వివరణ అక్కర్లేదు.

పాత_కోబాల్
అందరూ అప్రూవల్స్‌ని తిడుతున్నారు కాబట్టి రెండో వైపు నుంచి నేను మాట్లాడతాను. పాతికేళ్లుగా బ్యాంకింగ్ సిస్టమ్స్‌లో ఉన్నాను. బ్రాంచిలో ఒక ఎంట్రీ వేసిన క్లర్కు దాన్ని తానే పాస్ చేయకూడదు, మేకర్ వేరు చెకర్ వేరు. కోడ్‌కి కూడా అదే న్యాయం. మార్పు రాసినవాడే ప్రొడక్షన్‌లోకి (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) తోసేయగలిగితే రేపు ఆడిటర్ వచ్చి అడిగినప్పుడు ఏం చూపిస్తారు? ఇది ప్రజల డబ్బు. రోజుకి ఐదుసార్లు పంపిస్తాం అనేవాళ్లది ఫుడ్ యాప్ అయితే సరే, ఇక్కడ ఒక రూపాయి తేడా వచ్చినా కంప్లయింట్ అంబుడ్స్‌మన్ దాకా వెళ్తుంది.

ఓరుగల్లు_కోడర్
మాది ఫుడ్ యాప్ కాదు సార్, పేమెంట్స్.

డల్లాస్_నుంచి
డబ్బు మాట వచ్చింది కాబట్టి అమెరికా ట్రేడింగ్ కంపెనీ నైట్ క్యాపిటల్ సంగతి తెలియని వాళ్ల కోసం రాస్తున్నా, పెద్ద పోస్టే, ఓపిక చేసుకోండి. మా టీమ్‌లో కొత్తగా ఎవరు చేరినా మొదటి వారంలో ఇదే చదివిస్తాను.

2012 ఆగస్టు 1. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో రిటైల్ ఆర్డర్ల కోసం కొత్త ప్రోగ్రామ్ ఆ రోజే మొదలవుతోంది. దానికోసం నైట్ వాళ్లు ఆర్డర్లు పంపే తమ రౌటర్‌లో కోడ్ మార్చారు. సర్వర్లు ఎనిమిది. టెక్నీషియన్ కొత్త కోడ్‌ని ఏడింటిలో వేశాడు, ఎనిమిదోది మిగిలిపోయింది. ఇంకొకరు చూసి సరిచూడాలన్న రూలు లేదు, రాతలో పద్ధతీ లేదు. ఇంతవరకే అయితే ఒక సర్వర్‌లో కొత్త ఫీచర్ పనిచేసేది కాదు, అంతే. కానీ కొత్త ఫీచర్‌ని ఆన్ చేయడానికి ఒక పాత ఫ్లాగ్‌నే (ఫీచర్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) మళ్లీ వాడారు. ఆ ఫ్లాగ్ ఒకప్పుడు పవర్ పెగ్ అనే ఫంక్షన్‌ది. దాన్ని 2003లోనే వాడటం ఆపేశారు గానీ కోడ్ తీసేయలేదు. ఆర్డర్ నిండింది ఇక ఆపు అని లెక్కపెట్టే భాగాన్ని 2005లో వేరే చోటికి జరిపారు, పవర్ పెగ్ ఇంకా సరిగ్గా నడుస్తుందా అని మళ్లీ టెస్ట్ చేయలేదు.

మార్కెట్ తెరిచింది. ఎనిమిదో సర్వర్‌లో ఆ ఫ్లాగ్ పడగానే పవర్ పెగ్ లేచింది, ఎప్పుడు ఆపాలో దానికి తెలీదు. 212 కస్టమర్ ఆర్డర్ల కోసం 45 నిమిషాల్లో 40 లక్షలకి పైగా ట్రేడ్లు అయ్యాయి. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాట. 2013 అక్టోబరులో ఎస్ఈసీ (అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ) నైట్ మీద ఇంకో 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేవి రెండు. మార్కెట్ తెరవక ముందే ఆ సిస్టమ్ నుంచి పవర్ పెగ్ పేరుతోనే 97 ఈమెయిళ్లు ఉద్యోగులకి వెళ్లాయి, అవి అలర్టులు అని ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రెండోది, గందరగోళంలో వాళ్లు రోల్‌బ్యాక్ చేశారు, కరెక్టుగా నడుస్తున్న ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఆ ఏడింటిలో కూడా పవర్ పెగ్ లేచింది.

కొత్తగా_చేరా
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి అన్నా. ఆ టెక్నీషియన్ పరిస్థితి ఏంటో.

డల్లాస్_నుంచి
ఎస్ఈసీ ఆర్డర్ చదివితే ఆ ఒక్క మనిషి మీద పడలేదు తమ్ముడూ, కంట్రోల్స్ లేవని కంపెనీ మీదే పడింది. మనం కూడా ఏదైనా పలిగినప్పుడు అలాగే రాయాలి. ఎవరు చేశారు అని మొదలెడితే తర్వాతిసారి ఎవరూ నిజం చెప్పరు.

పాత_కోబాల్
డల్లాస్ గారు, మీరు రాసింది నా వాదనకే బలం. రెండో మనిషి చూసుంటే ఎనిమిదో సర్వర్ దొరికేది కదా!

ఓరుగల్లు_కోడర్
సార్ రెండో మనిషి కూడ మనిషే, రాత్రి రెండింటికి ఆయనకు గూడ ఎనిమిది బదులు ఏడే కనపడతయి. ఎనిమిది సర్వర్లల్ల ఒకటే వెర్షన్ ఉన్నదా లేదా అని చెక్ చేసేది స్క్రిప్ట్ రాయొచ్చు, తేడా ఉంటె డిప్లాయ్ ఫెయిల్ గావాలె. చేత్తోటి కాపీ చేసుడు ఉండనే వద్దు. మనిషి చూడవలసింది కోడ్ అర్థం, సర్వర్ల లెక్క కాదు.

టెస్టర్_అక్క
ఇద్దరూ ఒకటే అంటున్నారు ఒకరకంగా. రెండో చూపు కావాలి. అది పీఆర్ దగ్గర, కోడ్ తెలిసిన మనిషిది అయుండాలి. మాధాపూర్ గారి మేనేజర్ అడుగుతున్న మూడు అప్రూవల్స్ ఎవరివి? వాళ్లలో కోడ్ తెరిచి చూసేవాళ్లు ఎంతమంది?

మాధాపూర్_మెట్రో
టీమ్ లీడ్, డెలివరీ మేనేజర్, క్లయింట్ వైపు ప్రోగ్రామ్ మేనేజర్. కోడ్ చూసేది లీడ్ ఒక్కరే.

టెస్టర్_అక్క
అయితే మిగతా ఇద్దరూ టికెట్ పేరు చూసి అప్రూవ్ కొడతారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకి చూపించేదే అది.

డీబీ_మావయ్య
అందరూ కోడ్ గురించే మాట్లాడుతున్నారు, అసలు ఆ రాత్రి వాళ్లని కట్టిపడేసింది డ్రాప్ కాలమ్. అది లేకపోతే అరవై పీఆర్‌లున్నా సరే, పాత వెర్షన్ పెట్టేసి పడుకునేవాళ్లు, శనివారం తీరిగ్గా వెతుక్కునేవాళ్లు. కోడ్‌ని వెనక్కి తిప్పడం తేలిక, డేటాని తిప్పడం కుదరదు. ఈ ఒక్క ముక్క టీమ్‌లో అందరికీ ఎక్కితే సగం రాత్రులు మిగులుతాయి.

పద్ధతి చెప్తా. మీరు ఒక కాలమ్‌ని మార్చి ఇంకోటి తేవాలి అనుకోండి. మొదటి రిలీజ్‌లో కొత్త కాలమ్ చేర్చండి, నల్ ఉండొచ్చు అనే పెట్టండి, కోడ్ రెండింట్లోనూ రాయాలి, చదవడం మాత్రం పాతదాంట్లోంచే. తర్వాత పాత వరుసలన్నీ కొద్దికొద్దిగా నింపండి, వెయ్యో ఐదువేలో చొప్పున, ఒక్క అప్‌డేట్‌లో కోటి వరుసలు తోయకండి. రెండో రిలీజ్‌లో చదవడం కొత్తదాంట్లోంచి. ఇప్పటికీ రెండింట్లోనూ రాస్తున్నారు కాబట్టి ఏదన్నా తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చు. మూడో రిలీజ్‌లో పాతదాంట్లో రాయడం ఆపండి. ఆ వెర్షన్ ప్రొడక్షన్‌లో కుదురుకుని, ఇక దానికన్నా వెనక్కి వెళ్లే పని లేదనుకున్నాక అప్పుడు డ్రాప్. ఇన్ని మెట్లా అంటారు, నిజమే, ఆరు వారాలకోసారి రిలీజ్ చేసేవాళ్లకి ఇది అర్ధ సంవత్సరం. అందుకే అందరూ ఒకే రిలీజ్‌లో కుక్కేస్తారు. ఓరుగల్లు బాబు చెప్పినట్టు రిలీజులు చిన్నవై తరచుగా ఉంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

రాత్రిషిఫ్టు
మావయ్యా పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్ కాలమ్ క్షణంలో అయిపోద్దిగా, ఒక్కోసారి సైట్ మొత్తం ఎందుకు ఆగిపోద్ది?

డీబీ_మావయ్య
మంచి ప్రశ్న. పని క్షణమే, దానికి కావాల్సిన లాక్ మాత్రం టేబుల్ మొత్తానికి ఎక్స్‌క్లూజివ్, అంటే అప్పుడు ఇంకెవరూ ఆ టేబుల్‌ని ముట్టుకోకూడదు. అప్పటికే ఎవరో రిపోర్టు కోసం ఆ టేబుల్ మీద అరగంట సెలెక్ట్ (డేటా చదివే క్వెరీ) నడుపుతున్నారనుకో, నీ ఆల్టర్ (టేబుల్‌ని మార్చే కమాండ్) దాని వెనకాల నిలబడుద్ది. నీ ఆల్టర్ నిలబడింది కాబట్టి దాని తర్వాత వచ్చిన మామూలు సెలెక్టులు కూడా నీ వెనకాలే నిలబడతాయి. రైల్వే గేటు పడ్డాక బళ్లు ఆగినట్టు. రెండు నిమిషాల్లో కనెక్షన్ పూల్ (యాప్‌కి ఉన్న డేటాబేస్ కనెక్షన్ల కోటా) నిండిపోద్ది, యాప్ పడిపోద్ది, అందరూ యాప్ సర్వర్లు రీస్టార్ట్ చేస్తుంటారు. అందుకే మైగ్రేషన్‌కి (డేటాబేస్ నిర్మాణం మార్చడానికి) ముందు లాక్ టైమౌట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలో పరిమితి) పెట్టుకోవాలి. లాక్ దొరక్కపోతే మైగ్రేషనే ఫెయిలవుద్ది, సైట్ బతుకుద్ది, మళ్లీ ప్రయత్నించొచ్చు. ఇండెక్స్ అయితే కంకరెంట్లీ అని పెట్టి చేయండి, అది ట్రాన్సాక్షన్ బ్లాక్ లోపల నడవదు, ఆ సంగతి మైగ్రేషన్ టూల్‌కి చెప్పుకోవాలి.

కొత్తగా_చేరా
నాదొక చిన్న డౌట్, టాపిక్ పక్కకి పోతే క్షమించండి. చేరి కొన్ని నెలలే అయింది, నన్ను కూడా రివ్యూయర్‌గా వేస్తున్నారు. సీనియర్ల పీఆర్ వెయ్యి లైన్లుంటుంది, నేనేం చెప్పగలను? అప్రూవ్ కొట్టేయమంటారు. కొడితే భయం, ఆపితే మొహమాటం.

సాగరతీరం
టాపిక్ పక్కకి ఏం పోలేదు, అసలు టాపిక్ ఇదే. నేను విశాఖలో, రుషికొండ వైపు ఒక చిన్న ప్రొడక్ట్ కంపెనీలో ఉన్నా. మా దగ్గర రూలు లేదు గానీ అలవాటు ఉంది, 400 లైన్లు దాటితే రివ్యూయర్ చదవకుండానే ముక్కలు చేయమని వెనక్కి పంపొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు, సిస్కో టీమ్‌ల మీద స్మార్ట్‌బేర్ అనే సాఫ్ట్‌వేర్ టూల్స్ కంపెనీ వాళ్లు చేసిన స్టడీలో కూడా ఒక విడతకి 200 నుంచి 400 లైన్లు దాటితే తప్పులు పట్టుకునే శక్తి పడిపోతుందనే వచ్చింది. వెయ్యి లైన్లు ఎవరికిచ్చినా 'బాగుంది' అనే రాస్తారు, నలభై లైన్లిస్తే పది కామెంట్లు వస్తాయి. మీరందరూ చూసే ఉంటారు.

జూనియర్‌గా నువ్వు ఏం చేయొచ్చంటే, ముందు టెస్టులు చదువు. టెస్టులు చదివితే ఈ మార్పు ఏం చేయాలనుకుంటోందో తెలియాలి. తెలియకపోతే అదే నీ మొదటి కామెంట్, 'ఈ టెస్టు ఏం నిరూపిస్తోందో నాకు అర్థం కాలేదు' అని రాయి. సీనియర్‌కి దాంట్లో అవమానం ఏమీ లేదు. తర్వాత ఒకే ప్రశ్న వేసుకో, ఇది ప్రొడక్షన్‌లో పలిగితే ఎలా తెలుస్తుంది, ఎలా వెనక్కి తీస్తాం. దీనికి జవాబు పీఆర్‌లో కనిపించకపోతే అడుగు. ఇవి అడగడానికి పదేళ్ల అనుభవం అక్కర్లేదు.

కొత్తగా_చేరా
థాంక్యూ సర్. రేపే అడుగుతా.

గోదారి_గట్టు
పొద్దున్నుంచి ఈ థ్రెడ్ చదువుతున్నానండీ, ఒక మాట. మా పాత ప్రాజెక్ట్‌లో మేనేజర్ గారు రిలీజ్ టైమ్ పెట్టేముందు రాహుకాలం చూసేవారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఎవర్నీ బటన్ నొక్కనిచ్చేవారు కాదు. గంటన్నర కోడ్ ఫ్రీజ్ అన్నమాట.

డల్లాస్_నుంచి
సర్వర్ వర్జీనియాలో ఉంటే అక్కడి సూర్యోదయం తీసుకోవాలండీ, పదిన్నర లెక్క తప్పుతుంది :)

గోదారి_గట్టు
నిజమే, రీజియన్‌కో పంచాంగం కావాలి :)

ఇన్‌ఫ్రా_మనిషి
ముహూర్తాల మాట ఎలా ఉన్నా, 2024 జులై 19 శుక్రవారమే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ. మన టైమ్ ప్రకారం ఉదయం తొమ్మిదీ నలభై ప్రాంతంలో వాళ్ల అప్‌డేట్ ఫైల్ బయటికెళ్లింది, 78 నిమిషాల్లో వెనక్కి తీశారు, అప్పటికే 85 లక్షల విండోస్ మెషీన్లు పడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు ఆ రోజు, ఫోటోలు అందరూ చూసే ఉంటారు.

ఇక్కడ చెప్పదలచుకున్నది ఏంటంటే అది కోడ్ రిలీజ్ కాదు, కంటెంట్ ఫైల్ (ఏం చూడాలో ఆ సాఫ్ట్‌వేర్‌కి చెప్పే డేటా). కోడ్ వెర్షన్ అయితే కస్టమర్లు ఒక వెర్షన్ వెనక ఉండేలా పెట్టుకోవచ్చు, విడతలవారీగా వెళ్తుంది. అప్పట్లో ఈ ఫైల్‌కి ఆ దారి లేదు, అందరికీ ఒకేసారి. ఫైల్ 21 ఫీల్డులు చూడమంటోంది, చదివే కోడ్‌కి అందేవి 20. ఆ తేడా పట్టుకోవాల్సిన వాలిడేటర్‌లోనే బగ్. కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో) నడిచే డ్రైవర్ కాబట్టి మెషీనే పడిపోయింది, తిరిగి లేపాలంటే చాలావాటికి మనిషి వెళ్లి సేఫ్ మోడ్‌లో ఆ ఫైల్ తీసేయాలి. ముందు ఒక వెయ్యి మెషీన్లకి పంపి పది నిమిషాలు ఆగుంటే అక్కడితో అయిపోయేది.

కాబట్టి మాధాపూర్ గారు, మీ పన్ను రేట్లు, డిస్కౌంట్ టేబుళ్లు కాన్ఫిగ్‌లో (కోడ్ బయట ఉండే సెట్టింగుల్లో) ఉంటే వాటిని కూడా రిలీజ్ లాగే చూడండి. కోడ్‌కి ఇన్ని గేట్లు పెట్టి కాన్ఫిగ్‌ని ఎవరో నేరుగా ప్రొడక్షన్‌లో మార్చే టీములు నేను చాలా చూశాను.

సాగరతీరం
2019 జులై 2న, వెబ్‌సైట్లకి రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ కూడా ఇదే దారిలో పడింది. వాళ్ల ఫైర్‌వాల్ రూల్స్‌లో ఒక రెగెక్స్ (అక్షరాల నమూనాని వెతికే సూత్రం) వెనక్కీ ముందుకీ తిరిగి సీపీయూ 100% తినేసింది, ప్రపంచమంతా దాదాపు 27 నిమిషాలు. వాళ్ల మామూలు సాఫ్ట్‌వేర్ విడతల్లో వెళ్తుంది, కొత్త దాడులకి వెంటనే అడ్డుకట్ట వేయాలి కాబట్టి ఆ రూల్స్‌కి మాత్రం అప్పట్లో ఆ విడతలు లేవు. తొందరగా వెళ్లాలి అని పెట్టిన పక్కదారే ప్రతిచోటా కొంప ముంచుతోంది.

మాధాపూర్_మెట్రో
డిస్కౌంట్ టేబుల్ బిజినెస్ వాళ్లు అడ్మిన్ స్క్రీన్ నుంచి నేరుగా మారుస్తారు. దీని గురించి ఎవరం ఆలోచించలేదు ఇప్పటిదాకా.

రాత్రిషిఫ్టు
ఒక అనుమానం. రిలీజ్ చిన్నగా ఉండాలి చిన్నగా ఉండాలి అంటున్నారు, లైనక్స్ కెర్నల్ మరి? తొమ్మిది పది వారాలకోసారి, పది వేలకి పైగా కమిట్లు (కోడ్ మార్పులు) ఒక్క రిలీజ్‌లో. అది నడుస్తోందిగా ఇన్నేళ్లుగా.

ఇన్‌ఫ్రా_మనిషి
పాయింటే. కానీ లోపల చూడండి. మెర్జ్ విండో (కొత్త మార్పులు తీసుకునే గడువు) రెండు వారాలే, తర్వాత వారానికో ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్, పరీక్షకి ఇచ్చే వెర్షన్), ఏడో ఎనిమిదో ఆర్‌సీ దాకా సరిదిద్దడమే తప్ప కొత్తవి రానివ్వరు. ఆ మెర్జ్ విండోలోకి వచ్చేవి కూడా అంతకుముందే లైనక్స్ నెక్స్ట్ అనే ట్రీలో దాదాపు రోజూ కలిసి, బిల్డ్ అయి ఉంటాయి. అంటే కలపడం రోజూ జరుగుతోంది, ముద్ర వేయడం మాత్రం పది వారాలకి. పైగా ఒక మార్పు వల్ల ఎవరికైనా నడుస్తున్నది ఆగిపోతే ఆ మార్పు ఎంత గొప్పదైనా వెనక్కే, అందులో మొహమాటం లేదు. వీళ్ల దగ్గర ఆ అమ్మాయి బ్రాంచ్ వారాల తరబడి విడిగా ఉండిపోయింది, అదీ తేడా.

ఓరుగల్లు_కోడర్
గదే. రిలీజ్ ఎప్పుడన్న చేస్కో, మెయిన్‌ల మాత్రం రోజు కలుపు. బ్రాంచ్ రెండు రోజులు దాటి బతకొద్దు. ఫీచర్ కాకుంటె ఫ్లాగ్ వెనక పెట్టు.

టెస్టర్_అక్క
ఫ్లాగ్ పెట్టేవాళ్లు తీసేసే తేదీ కూడా రాయండి దయచేసి. డల్లాస్ గారి పోస్ట్ అప్పుడే మర్చిపోయారా, పాత ఫ్లాగ్‌ని మళ్లీ వాడబట్టేగా అంత నష్టం. మా దగ్గర ప్రతి ఫ్లాగ్‌కీ ఒక ఓనర్, ఒక గడువు. గడువు దాటితే బిల్డ్‌లో వార్నింగ్ వస్తుంది, ఇంకా ఉంచితే బిల్డ్ ఆగుద్ది. పది ఫ్లాగులుంటే ఆన్ ఆఫ్ కలిపి 1,024 రకాలుగా నడవొచ్చు మీ యాప్, టెస్టర్ వాటిలో ఎన్నని చూస్తుంది?

ఇంకోటి, రీరన్ కొడితే పాసయ్యే టెస్టులు. అందరి దగ్గరా ఉన్నాయి, ఎవరూ మాట్లాడరు. అవి ఉన్నన్నాళ్లూ ఎర్ర బిల్డ్‌ని ఎవరూ నమ్మరు, 'అది మామూలే, మళ్లీ కొట్టు' అంటారు, నిజమైన ఫెయిల్యూర్ కూడా అందులోనే కొట్టుకుపోద్ది. వాటిని పక్కన పెట్టేయండి, ఒక టికెట్ రాయండి, రెండు వారాల్లో బాగుచేయలేకపోతే డిలీట్ చేయండి. నేను టెస్టర్‌ని, నేనే చెప్తున్నా, డిలీట్ చేయండి.

పాత_కోబాల్
నిన్న రాసినదానికి కొంత చేర్చాలి. ఆడిటర్ అడిగేది అప్రూవల్స్ సంఖ్య కాదు, రాసినవాడు వేరు, చూసినవాడు వేరు అని రుజువు. పీఆర్‌లో ఎవరు రాశారు, ఎవరు చూశారు, ఏ టెస్టులు నడిచాయి, ఎప్పుడు ప్రొడక్షన్‌కి వెళ్లింది, ఇదంతా టైముతో సహా ఉంటే మా వాళ్లు దాన్ని రుజువుగా తీసుకున్నారు. సైన్‌ఆఫ్ షీట్ కన్నా ఇదే గట్టిది, షీట్ తర్వాత కూడా నింపొచ్చు కాబట్టి. చేంజ్ మేనేజ్‌మెంట్‌లో స్టాండర్డ్ చేంజ్ అని ఒక రకం ఉంది, రిస్క్ తక్కువ, పద్ధతి ముందే ఒప్పుకున్నది, ప్రతిసారీ బోర్డు ముందుకి రానక్కర్లేదు. మీ చిన్న మార్పులు దానికిందకి తెచ్చుకోండి. డేటాబేస్, పన్ను లెక్క లాంటివి మాత్రం పూర్తి అప్రూవల్‌లోనే ఉంచండి. ఈ ముక్క మీద నేను వెనక్కి తగ్గను.

ఇన్‌ఫ్రా_మనిషి
పాత కోబాల్ గారితో ఇక్కడ పూర్తిగా ఏకీభవిస్తా. మాధాపూర్ గారికి మేనేజర్ ముందు చూపించడానికి ఇంకోటి ఉంది, సాఫ్ట్‌వేర్ టీముల పనితీరు మీద సర్వేలు చేసే గూగుల్ డోరా టీమ్ 2019 రిపోర్ట్. టీమ్ బయటి మనుషులతో లాంఛనంగా అప్రూవల్ పెట్టిన చోట ఫెయిలయ్యే మార్పులు తగ్గుతాయా అని చూశారు, తగ్గినట్టు ఆధారం దొరకలేదు, పని మాత్రం నెమ్మదించింది. వాళ్లు చెప్పేది టీమ్ లోపలే తోటివాళ్లు చూసే రివ్యూ, ఆటోమేటిక్ చెక్కులు.

డీబీ_మావయ్య
రోల్‌బ్యాక్ ఉంది, బ్యాకప్ ఉంది అని కాగితం మీద రాసుకునేవాళ్లకి ఇంకొక్కటి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (టీములు కోడ్ పెట్టుకునే సైట్) సెకండరీ, అంటే కాపీ సర్వర్ అనుకుని ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో డేటా డైరెక్టరీ తీసేశారు, దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ దారులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి, ఆ రాత్రి ఏదీ సరిగ్గా అక్కరకు రాలేదు. డంప్ (డేటాబేస్ కాపీ) తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6, అందుకని డంప్ చాలారోజులుగా ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా చేరట్లేదు. స్టేజింగ్ (ప్రొడక్షన్ లాంటి పరీక్ష సర్వర్) కోసమని ఒకతను ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ బతికించింది. వాళ్లని మెచ్చుకోవాలి, దాచకుండా అంతా రాశారు, తిరిగి లేపడం యూట్యూబ్‌లో లైవ్ కూడా పెట్టారు. మీరు రోల్‌బ్యాక్‌ని స్టేజింగ్‌లో ప్రతి రిలీజ్‌కీ ఒకసారి నిజంగా నడపండి. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి.

మాధాపూర్_మెట్రో
మేనేజర్‌తో కూర్చున్నాం, లీడ్ కూడా ఉన్నారు. 91% చూపించా, పక్కన ఆ రెండు అసర్ట్‌లు చూపించా, చాలాసేపు ఏం మాట్లాడలేదు ఆయన. చివరికి కవరేజ్ గేట్ మొత్తం మీద కాకుండా పీఆర్‌లో మారిన లైన్లకే పెడదాం అన్నారు, ప్రీమియం ప్యాకేజీ మీద పిట్ నడుపుతాం. రిలీజ్ రెండు వారాలకి తగ్గింది, మంగళవారం మధ్యాహ్నం. డ్రాప్ అనే మాట ఉన్న మైగ్రేషన్ ఏదైనా విడిగా వెళ్లాలి, డీబీ మావయ్య గారి పోస్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించాం. సైన్‌ఆఫ్ షీట్ మాత్రం పోలేదు, క్లయింట్ కాంట్రాక్ట్‌లో ఉందట, దాని మీద ఇంకా కొట్లాడాలి. డిస్కౌంట్ టేబుల్ సంగతి బిజినెస్ వాళ్లతో వచ్చే వారం.

రాత్రిషిఫ్టు
మంగళవారం మధ్యాహ్నం! అదీ.

గోదారి_గట్టు
మూడు నుంచి నాలుగున్నర వదిలేయండి మరి :)

కొత్తగా_చేరా
డీబీ మావయ్య గారూ, లాక్ టైమౌట్ అన్నారు కదా, ఎంత పెట్టాలి? మా మైగ్రేషన్ ఫైళ్లలో ఎక్కడా లేదు, రేపు పీఆర్ వేద్దామనుకుంటున్నా.

డీబీ_మావయ్య
రెండు సెకన్లతో మొదలెట్టు. ఆ మైగ్రేషన్ సెషన్‌కి మాత్రమే పెట్టు, డేటాబేస్ మొత్తానికి పెట్టకు. ఫెయిలైతే కొంచెం ఆగి మళ్లీ ప్రయత్నించేలా స్క్రిప్ట్ రాయి. నాలుగైదుసార్లు దొరక్కపోతే ఆపేసి ఆ టేబుల్ మీద ఎవరి క్వెరీ నడుస్తోందో చూడు, చాలాసార్లు ఎవరో ట్రాన్సాక్షన్ తెరిచి టీకి వెళ్లుంటారు. పీఆర్ వేశాక ఇక్కడ చెప్పు, చూస్తాను.